గాలిలో నిలవని బాణం గుర్తు

మా అన్న కొత్తకోటలో లారీలకు పేర్లు రాసేవాడు. ముందు దేవుడి పేరు, వెనక హారన్ కొట్టమని, తలుపుల మీద ఓనరు పిల్లల పేర్లు. మిగతా పెయింటర్లు గీత కోసం దారానికి ముగ్గుపొడి పూసి, ఇద్దరు చెరో కొస పట్టుకొని, మధ్యలో లాగి వదిలేవారు. రేకు మీద తెల్లటి గీత పడేది. అన్న దారం ముట్టేవాడు కాదు. "దారం పట్టెటోడు పెయింటర్ ఎట్లయితడు? దర్జీ అయితడు" అని నవ్వేవాడు. చిటికెన వేలు రేకుకు ఆనించి, కుంచెతో మూరెడు గీత ఒక్క ఊపులో లాగేవాడు. ఆ చెయ్యంటే నాకెంత గర్వమో చెప్పలేను.

ఫోన్లలో సినిమాలు చూడడం ఇంకా రాని రోజులవి. నేను వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. ఒక పాత కంప్యూటర్‌ను అన్న ఇంట్లో టీవీకి కలిపి, దాని నిండా పాటలు, సినిమాలు, అన్న రాసిన లారీల ఫోటోలు నింపాను. పట్నం నుంచి వైరు లేని మౌస్ ఒకటి తెచ్చాను. దానికి బల్ల అక్కర్లేదు. చేత్తో పట్టుకొని గాలిలో కదిపితే, టీవీ మీద బాణం గుర్తు చెయ్యి ఎటు పోతే అటు పోతుంది.

అన్న దాన్ని కుంచె పట్టినట్టే పట్టాడు. చిటికెన వేలు చాపి, ఆనించడానికి చోటు వెతికాడు. చుట్టూ గాలే కదా! బాణం గజగజా వణికింది. ఒక లారీ ఫోటో తెరవబోతే పక్కది తెరుచుకుంది.

"గిదేంది తమ్మీ, ఆగుతనే లేదు."

"మిషన్ల ఏదో తేడా ఉందన్నా" అన్నాను.

బ్యాటరీలు మార్చాను. టీవీకి దగ్గరగా కూర్చోబెట్టాను. అదే వణుకు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మర్నాడే బస్సెక్కి పట్నం పోయాను. దుకాణదారు దాన్ని కదిపి చూపించాడు. బాణం బుద్ధిగా నిలబడింది. అయినా నేను వింటేనా! "మా అన్న లారీ మీద దారం లేకుండ గీత గీస్తడు. ఆ చేతిల ఆగలేదంటే తప్పు నీ మాల్‌దే" అని బజారంతా వినపడేలా అరిచాను. నా పోరు పడలేక పాపం కొత్తది ఇచ్చాడు.

కొత్తది నా చేతిలో చక్కగా నిలిచింది. అన్న చేతికి ఇవ్వగానే మళ్లీ మొదలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందన్నా, కల్లు తాగినోని లెక్క ఊపుతున్నవ్! జర నిలకడగ పట్టరాదా!"

గుమ్మంలో నిలబడ్డ వదిన, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్లిపోయింది. నా మొద్దు బుర్రకు అప్పుడు కూడా తట్టలేదు.

అన్న మౌస్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. "మిషన్‌ది కాదు తమ్మీ, చెయ్యిదే. ఏడాదయితుంది. చిటికెనేలు రేకుకు ఆనిస్తే ఆగుతుండె. గాలిల దేనికి ఆనియ్యాలె? దవాఖానల చూపిచ్చిన. నరాల బీమారంట, తగ్గేది లేదంట. లారీలోళ్లకు తెలిస్తే పని బందయితది. ఎవ్వరికి చెప్పకు."

నాలుక కోసుకోవాలనిపించింది. ఏడాదిగా ఒక్క వేలి మీద అన్న దాచుకొచ్చినదాన్ని నేను అంత పెద్ద తెర మీద వణికించి, పైగా తిట్టాను.

కొన్నాళ్లకు ఆ వణుకును చిటికెన వేలు కూడా ఆపలేకపోయింది. ఒక రోజు అన్న ఫోన్ చేశాడు. "జర కొత్తకోటకు రా తమ్మీ, పనుంది."

వెళ్లేసరికి మెకానిక్ షెడ్డు ముందు లారీ నిలబడి ఉంది. వెనక పలక ఇంకా ఖాళీగానే ఉంది. అన్న డబ్బాలోని ముగ్గుపొడిని ఒక దారానికి పూసి, నా మొహం చూడకుండా ఒక కొస నా చేతికిచ్చాడు.

"పట్టు."

పట్టుకున్నాను. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. రెండో కొస అన్న పట్టుకున్నాడు. గీత కొట్టేలోపే దారం వణికి, పొడంతా అన్న చెప్పుల మీద రాలిపోయింది.

"ఇంకోపారి పూద్దామన్నా" అన్నాను.

"పొడి అయిపోయింది తమ్మీ" అన్నాడు అన్న. నిండుగా పొడి ఉన్న డబ్బా మా ఇద్దరి మధ్య నేల మీదే ఉంది.