చెయ్యి ఆగితే తాలు

మా ఆయన ఉద్యోగం మొత్తం ఒక్క అక్షరం మీద నిలబడి ఉంది. ఆ అక్షరం సి. ఇది నేను ఎగతాళికి అంటున్న మాట కాదు, పెళ్ళిచూపుల్లో మా నాన్నకి ఆయన నోటితో ఆయనే చెప్పుకున్నాడు. పరీక్షలో తెలిసిన బిట్లన్నీ చకచకా పెట్టేసి, తెలియనివాటికి కళ్ళు మూసుకుని వరసగా సి దిద్దుకుంటూ పోయాడట. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు అయి కూర్చున్నాడు. మా నాన్న అది విని కుర్రాడు నిజాయితీపరుడని మెచ్చుకుని సంబంధం ఖాయం చేశాడు.

దీని మీద ఆయనకో సిద్ధాంతం కూడా ఉంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు మొహమాటస్థులట. జవాబు ఏ లో పెడితే ఇంత తేలికా అంటారని సిగ్గు, డి లో పెడితే కావాలని దాచారంటారని భయం. బి లో పెట్టబోతుంటే మొన్ననే కదా పెట్టాం అనిపిస్తుందట. చేసేదిలేక సి లో పెడతారట. గ్యాస్ బండ తెచ్చిన మనిషిని కూడా నిలబెట్టి ఇది చెప్పేవాడు. ఆ మనిషి పాపం బండ భుజాన పెట్టుకునే వినేవాడు.

నేనూ ఆ సి ని నమ్ముకునే రెండుసార్లు ఉద్యోగం పరీక్ష రాశాను. మొదటిసారి, ఇప్పుడు హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి అప్పుడు అమ్మవారు పోసి సగం సిలబస్సు ముట్టుకోనేలేదు. రెండోసారి ఒక్క మార్కులో పోయింది. మూడోసారి నోటిఫికేషన్ పడేసరికి నాకు నలభై ఒకటి. ఇది తప్పితే మళ్ళీ పిలిచేలోపు వయసు దాటిపోతుంది, దరఖాస్తు కూడా తీసుకోరు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో నన్ను గుమాస్తాగారి భార్య అంటున్నారు. నాకు నా పేరున ఒక కుర్చీ కావాలి, నేను సంతకం పెడితే కదిలే ఫైలు ఒకటి కావాలి. అంతకంటే గొప్ప ఆశయాలేమీ లేవు నాకు, ఉన్నాయని చెప్పను కూడా.

తీరా ఫోన్లో చదువుకుంటూ పోతే ఈసారి పరీక్షే మార్చి పారేశారు. తప్పు పెట్టిన ప్రతి జవాబుకీ మూడో వంతు మార్కు కోత. అది చాలదన్నట్టు, ఇదివరకటిలా ఫలానా నది ఎక్కడ పుట్టింది, ఫలానా రాజు ఎవరి కొడుకు అని ఒక్క ముక్కలో అడగరు. నాలుగు వాక్యాలిచ్చి, ఒకటీ రెండూ సరైనవా, రెండూ నాలుగూనా, అన్నీనా, ఏవీ కావా అంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పదేళ్ళుగా బట్టీపట్టిన బిట్ బ్యాంకులు ఆరున్నాయి నా దగ్గర, అట్టలూడిపోయి. నది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పుట్టాక అది ఏమేం చేసిందో నాకెందుకు?

కోపమంతా మా ఆయన మీద చూపించాను. ఇప్పుడు పెట్టండి మీ సి, చూద్దాం అన్నాను. ఆయన చలించలేదు. కాగితం తీసి లెక్క వేశాడు. నాలుగు సి లు పెడితే ఒకటి తగులుతుంది, మూడు పోతాయి, మూడు మూడోవంతులు కలిపితే ఒకటి, చెల్లుకి చెల్లు, నష్టమేముంది అన్నాడు. లాభం కూడా లేదుగా అన్నాను. అదృష్టం సంగతి నీకు తెలీదు అని చొక్కా తొడుక్కుని ఆఫీసుకి పోయాడు.

ఆ వారమే ఇంట్లో కూర్చుని ఒక మాదిరి పరీక్ష రాసుకున్నాను. నూట యాభై ప్రశ్నలు. అలవాటుకొద్దీ అన్నీ దిద్దాను. కోతలు పోగా, చిల్లర సర్దుకుంటే నలభై ఒక్క మార్కులొచ్చాయి. నా వయసెంతో సరిగ్గా అంత. వదిలెయ్యడం నాకు చేతకాదని అప్పుడర్థమైంది. కంచంలో మెతుకు వదిలితే మా అమ్మ వీపు చిట్లగొట్టేది, అలా పెరిగినదాన్ని. ఖాళీ గుండ్రం కనబడితే నా పెన్ను దానంతటదే పోయి పూడ్చేస్తుంది.

అప్పుడు రంగంలోకి దిగింది మా అత్తయ్య. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. మిరపకాయ వచ్చు. కల్లంలో ఎండిన కాయ రాశి పోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతారు. తాలంటే తెల్లబారిన కాయ, మచ్చపడ్డ కాయ. మంచి సరుకులో నాలుగు తాలుకాయలు కనబడ్డాయంటే కొనేవాడు మొత్తం బస్తాకే వంక పెడతాడు. మా అత్తయ్య ఆ ఏరుడులో నలభై ఏళ్ళుగా మేస్త్రీ లెక్క. మనతో మాట్లాడుతూ, తుమ్ముతూ, ఎవరినో తిడుతూ కాయ చూడకుండానే ఏరేస్తుంది.

నేను ఆ ఫిబ్రవరిలో పుస్తకం పట్టుకెళ్ళి కల్లంలోనే కూర్చుని చదువుకునేదాన్ని. ఒకరోజు ఏడుపు ఆపుకోలేక, తెలిసినవీ తెలియనివీ కలిసిపోతున్నాయత్తయ్యా, ఏవి వదలాలో అర్థం కావడంలేదు అన్నాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు.

"ఇందులో అర్థంకాకపోవడానికి ఏముందే. మంచి కాయైతే చెయ్యి ఆగదు. చెయ్యి ఆగిందంటే తాలే."

రెండు వేలు పోసి నేను విన్న ఆన్‌లైన్ క్లాసుల్లో ఇంత ముక్క ఒక్కడు చెప్పలేదు. ఆ రోజునుంచి మా కోచింగ్ సెంటరు కల్లమే. నేను ప్రశ్న పైకి చదవాలి, వెంటనే జవాబు చెప్పాలి. ఒక్క క్షణం నీళ్ళు నమిలానా, ఆవిడ తలెత్తకుండానే "తాలు, అవతల పడెయ్" అనేది. రాజ్యాంగ సవరణలు తాలు. వాతావరణ పొరలు తాలు. నేను జవాబు చెప్పినా గొంతులో ధీమా లేకపోతే తాలే. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కూడా పట్టుకున్నారు, నేను ఊపిరి పీల్చుకున్నా సరే నలుగురూ కలిసి తాలు అని అరిచేవాళ్ళు. పదిహేను రోజుల్లో నా మాదిరి పరీక్ష మార్కులు డెబ్భై దాటాయి. మా అత్తయ్య ఊరందరికీ ప్రభుత్వ పరీక్షకి తానే పాఠాలు చెబుతున్నానని చాటింపు వేసుకుంది.

అయితే ఒక చిక్కొచ్చి పడింది. ఆ అలవాటు పుస్తకం దాటి బయటికి పాకింది. కూరలో ఉప్పేశావా అని మా ఆయన అడిగితే, ఒక్క క్షణం ఆగానని జవాబు చెప్పకుండా వెళ్ళిపోయేదాన్ని. గుంటూరులో బస్సు బోర్డు మసకగా ఉందని రెండు బస్సులు వదిలేసి, మూడోది రాక ఎండలో గంటన్నర నిలబడ్డాను. ఆ రెండూ మా ఊరి బస్సులేనట. వీటికి మించింది ఫోను గొడవ. ఎవరో పెద్దావిడ ఫోన్ చేసి, నేనెవరో చెప్పుకో చూద్దాం అంది. తెలిసిన గొంతే గానీ పేరు తట్టలేదు. చెయ్యి ఆగింది. పెట్టేశాను. ఆవిడ మా ఆయన పెద్దమ్మ, సొంత పెదనాన్న భార్య. మనవడి పెళ్ళికి పిలుద్దామని చేసిందట. మాకు శుభలేఖ రాలేదు సరికదా, దాచేపల్లిలో ఉండే చుట్టాలదాకా నా పొగరు గురించి కబురు పాకింది. మా ఆయన తల పట్టుకుంటే, మా అత్తయ్య మాత్రం తోడికోడలు అయినా సరే అనుమానం వచ్చినప్పుడు వదలాల్సిందే అని నన్ను వెనకేసుకొచ్చింది. వాళ్ళిద్దరికీ మొదట్నుంచీ పడదులెండి.

పరీక్ష మంగళగిరి పక్కన ఒక కాలేజీలో పడింది. ముగ్గురం పొద్దున్నే బస్సెక్కాం. దారి పొడుగునా ఒక చెవిలో మా ఆయన, సమయం మిగిలితే ఆ నాలుగు సి లు పెట్టి రా, నీ సొమ్మేం పోదు అంటున్నాడు. ఇంకో చెవిలో మా అత్తయ్య, వీడి మాట వినమాక అంటోంది. కాలేజీ గేటు దగ్గర ఆవిడ నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆగితే వదిలెయ్, అంతే అంది. ఆవిడ చేతులు మిరపకాయ ఘాటు. ఆ చెయ్యి హాల్లో పొరపాటున కంటికి తగిలి మొదటి పది నిమిషాలు ఒక కన్నుతోనే రాశాను.

రాశానంటే బాగానే రాశాను. చెయ్యి ఆగనివన్నీ దిద్దాను, ఆగినవి వదిలేశాను. చివర్లో పావుగంట మిగిలింది. నలభై ఆరు గుండ్రాలు ఖాళీగా నన్నే చూస్తున్నాయి. పెన్ను వాటిమీదికి పోబోతుంటే నా కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చున్నాను. పర్యవేక్షకురాలు వచ్చి ఏమ్మా, చెయ్యి నెప్పా అని అడిగింది.

బయటికి రాగానే అత్తయ్య అడిగిన మొదటి మాట ఎన్ని వదిలావని. నలభై ఆరన్నాను. ఆవిడ మొహం చేటంతయింది. ఎలాంటివి వదిలావో చెప్పమంటే వరసగా చెప్పుకొచ్చాను. అందులో మిరప తెగులు ప్రశ్న ఒకటుంది. తామరపురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది, ఈ రెండు వాక్యాల్లో ఏది సరి అని. పైకో కిందికో అక్కడ తిరకాసు పడి వదిలేశాను. అత్తయ్య నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ చేలో తిరుగుతూ ఆకు పైకో కిందికో చూళ్ళేదంటే నువ్వు నడిచేటప్పుడు ఎటు చూస్తావే అంది. రెండూ సరైనవే, మరి దానికి ఏ అక్షరం అని అడిగింది. మా ఆయన నేలచూపులు చూస్తూ, సి అన్నాడు. నోరు ముయ్యరా అంది.

ఫలితాలొచ్చాయి. నాకు ఎనభై వచ్చాయి. ఎనభై రెండు దగ్గర గీత గీశారు.

నేను ఏడ్చాను. గదిలో తలుపేసుకుని కాదు, వాకిట్లో కూర్చుని ఊరంతా వినేలా ఏడ్చాను. రెండు మార్కులు. వయసు ఇంకో రెండేళ్ళు తక్కువైనా బావుండేది, మళ్ళీ రాసేదాన్ని. బిట్ బ్యాంకులు ఆరూ పాత పేపర్లవాడికి వేసేశాను. అత్తయ్య మూడు రోజులు కల్లం వైపు వెళ్ళలేదు. మా ఆయన మామూలుగా ఆఫీసుకి వెళ్ళొచ్చాడు, టీ అడిగి తాగాడు, సి అనే అక్షరం ఆయన నోట్లోంచి రాలేదు. నేను అది గమనించే స్థితిలో లేను.

మూడు వారాల తరవాత ఒక ఆదివారం పొద్దున, బట్టలు నానబెడుతూ ఆయన చొక్కా జేబు తడిమితే మడిచిన కాగితం దొరికింది. గుండ్రటి గుమాస్తా రాత. నేను హాల్లోంచి తెచ్చుకున్న జవాబుపత్రం నకలు చూసి, వదిలేసిన నలభై ఆరు ప్రశ్నల నంబర్లు వరసగా వేసి, పక్కన పరీక్షవాళ్ళు ఇచ్చిన కీ లోని జవాబులు. కొన్నిటి చుట్టూ సున్నా చుట్టి ఉంది. అడుగున, సి పంతొమ్మిది, తప్పు ఇరవై ఏడు, కోత తొమ్మిది, మిగులు పది.

పది. నాకు కావాల్సింది రెండు.

బకెట్ పక్కనే చతికిలబడ్డాను. నిజం చెప్పాలంటే ముందు అత్తయ్య మీద మంట పుట్టింది, నాకే సిగ్గేసేంత మంట. ఆ తరవాత కాగితం మీద తేదీ చూశాను. కీ వచ్చిన రోజు వేసిన లెక్క అది. గ్యాస్ బండ మనిషిని కూడా వదలని మనిషి, జీవితంలో మొదటిసారి తను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమైతే, అది జేబులో పెట్టుకుని ఇన్నాళ్ళు తిరిగాడు. నా మంట ఏమైందో నాకే తెలీదు.

కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన గబుక్కున వంటింటి వైపు చూశాడు, అమ్మ వింటుందేమోనని.

"తప్పు లెక్కలే అది. పారెయ్."

నేనూ కూర్చుని రెండుసార్లు వేసి చూశాను. తప్పేమీ లేదు. చింపి నీళ్ళపొయ్యిలో వేశాను.

ఆ మధ్యాహ్నం ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్య అన్నం కెలుకుతోందే గానీ తినడంలేదు. కాసేపటికి తలెత్తకుండా నన్ను అడిగింది.

"నిజం చెప్పు. మనం వదిలినవాటిల్లో మంచి కాయలేమన్నా పోయాయా?"

"లేదత్తయ్యా. అన్నీ తాలే."

ఆవిడ నమ్మలేదేమో, కొడుకు వైపు తిరిగింది. నువ్వు చూశావుగా ఆ కీ అంది. మా ఆయన పచ్చడి కలుపుకుంటున్నాడు, చెయ్యి ఆపలేదు. "చూశానమ్మా, అన్నీ తాలే" అన్నాడు.