గుంటూరు చేరని ఫొటోలు

మా ఆయన పోయాక నేను ఇద్దత్‌లో కూర్చున్నాను. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండాల్సిన గడువు అది. మాచర్లలో మాది రేకుల ఇల్లు. ఒక గది, ముందు చిన్న వరండా. ఎండలు ముదిరేకొద్దీ ఆ గది నా చుట్టూ బిగుసుకుంటున్నట్టుండేది. ఆ మాత్రం నీడ ఇచ్చినందుకు అల్లాకు షుక్ర్ చెప్పుకోని పూట మాత్రం లేదు.

ఇంట్లో అత్తమ్మ, నేను, ఇద్దరమే. అత్తమ్మకు షుగరు. కుడికాలి చిటికెన వేలి దగ్గర పుండు పడి మానడం లేదు. మా ఆయన ఉండగా గుంటూరు తీసుకెళ్లి చూపించారు. వారం వారం పుండు ఫొటో తీసి మెయిల్ పెట్టమని, నలుపు పైకి పాకితే కాలే తీయాల్సి వస్తుందని డాక్టరు గారు చెప్పారు. వాట్సాప్‌లో పెడతామంటే అక్కడి నర్సమ్మ ఒప్పుకోలేదట. అందులో అందరి కాళ్ళూ కలిసిపోతున్నాయందట.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ ఖురానూ మా నాన్న ఇంట్లోనే నేర్పారు. మెయిలు మా ఆయన తన పాత ల్యాప్‌టాప్‌లో నేర్పారు. ఆయన ట్రాక్టర్ మెకానిక్. విరిగిన సామాను ఫొటో స్పేరు పార్టుల షాపుకి పంపి, అలాంటిదే తెప్పించేవారు. ఆ మెయిళ్ళు రాసేది నేనే. ఏ పనైనా అల్లా పేరుతో, బిస్మిల్లాతో మొదలవ్వాలని ఆయన్ని అడిగి, ప్రతి కొత్త మెయిల్ పైనా ఆకుపచ్చ అక్షరాల బిస్మిల్లా బొమ్మ దానంతటదే వచ్చేట్టు పెట్టించుకున్నాను. షాపువాళ్ళకి అది అలవాటే. దాన్ని దాటుకుని కిందికొచ్చి గేరో బేరింగో చూసుకునేవారు.

అత్తమ్మ కాలూ అలాగే పంపాను. "అయ్యా, ఇదిగో చూడండి" అని రాసి, ఆ మాట కిందే ఫొటో అతికించాను. మాట పక్కనే బొమ్మ ఉండటం మర్యాదనిపించింది. జవాబు రాలేదు. రాలేదంటే బాగున్నట్టే కదా అనుకున్నాం. ఆ మరుసటి వారమూ అంతే. కానీ కట్టు విప్పినప్పుడు నలుపు వేలి మొదట్లోకి పాకినట్టు నా కంటికే కనిపించింది. ఆస్పత్రికి ఫోన్ చేశాను.

"అమ్మా, మీ శుభాకాంక్షలు అందినయి. కాలు మాత్రం అందలా," అంది నర్సమ్మ.

"శుభాకాంక్షలేందండీ?"

"పచ్చ అక్షరాల బొమ్మ. పండగ మెసేజేమో అనుకున్నాం. చానామంది పంపుతుంటారు."

వాళ్ళ దగ్గర మెయిల్ తెరిస్తే లోపల అతికించిన బొమ్మలు కనిపించవట. జాగ్రత్త కోసం ఆపి ఉంచారట. మెయిల్ అడుగున ఫైళ్ళ పేర్లు మాత్రం వస్తాయి. మొదటిది తెరిస్తే బిస్మిల్లా వచ్చింది. రెండోది తెరవకుండానే మెయిల్ తీసేశారు. ఆ రెండోదే అత్తమ్మ కాలు.

"ఈసారి లోపల అతికించమాకండి. పేపర్ క్లిప్పు గుర్తుంటది, అది నొక్కి అటాచ్ చేయండి. పైనున్న ఆ బొమ్మ తీసేయండి," అంది.

క్లిప్పు గుర్తు దొరికింది. ఫొటో మాత్రం ఎక్కదు. గదిలో సిగ్నల్ అంతంతమాత్రం, వీధిలోకి వెళితే బాగుంటుంది. నేను వెళ్ళకూడదు. ఎంత ఎక్కిందో చూపే గీత సగం దాకా వచ్చి ఆగిపోయేది. అత్తమ్మ వేలు ఆ గీత చివర ఇరుక్కున్నట్టే అనిపించింది. చివరికి ల్యాప్‌టాప్‌కి నెట్టు ఇచ్చే నా ఫోన్ని చేయి చాపి వరండా గోడ మీద పెట్టాను.

ఎదురింటి అక్క చూసింది. "ఏందే పిల్లా, ఫోన్ని వడియాల్లాగా ఎండబెట్టావు?"

సంగతి చెప్పాను. అక్క ఆ ఫోను తీసుకుని వీధిలో నాలుగడుగులు వేసి, పైకెత్తి పట్టుకుని నిలబడింది. గీత కదిలింది.

ఇక బిస్మిల్లా తీయాలి. చేయి ఆడలేదు. మంచం మీది నుంచి అత్తమ్మ, "ఏమే, నా కాలు ఎందాకా పోయింది?" అని అడిగింది.

"ఇంకా ఇంట్లోనే ఉందత్తమ్మా. బిస్మిల్లా తీసేయమంటున్నారు."

"నోటితో అని పంపవే. అల్లాకి వినపడదా ఏంది?"

నోటితో అని పంపాను. గంట తిరక్కుండానే జవాబు వచ్చింది. ఇవాళే తీసుకురమ్మన్నారు.

నేను బురఖా అందుకున్నాను. అవసరమైతే వెళ్ళొచ్చని మా నాన్న చెప్పిన మాట గుర్తుంది. అత్తమ్మ వినలేదు. "నా కొడుకు కోసం కూర్చున్నదానివి, నా కాలు కోసం లేస్తావా? కూర్చో."

"నేను తీసకపోతాలే పిన్నీ," అంది ఎదురింటి అక్క. "మీరిద్దరూ వాదులాడుకుంటుంటే బస్సు ఆగదు."

ఆటో వెళ్ళిన చప్పుడు తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ పగలంతా గదికీ వరండాకీ మధ్య తిరిగాను. కాలు తీస్తున్నారో, ఉంచుతున్నారో. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. పొద్దు వాలాక చేసే అసర్ నమాజులో ఎన్నో వంతులో, ఏ రకాతులో ఉన్నానో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాను.

మసకపడే వేళ అక్క ఫోన్ చేసింది. "చిటికెన వేలొక్కటే తీశారే. కాలు నిలబడిందంట."

వెనక నుంచి అత్తమ్మ గొంతు. "నాలుగు వేళ్ళతో నడవలేనా ఏంది? అన్నం తిన్నదో లేదో అడుగు దాన్ని."

తిన్నానని అబద్ధం చెప్పాను. ఫోను పెట్టి అక్కడే నుదురు నేలకానించి సజ్దాలో పడ్డాను. కాలు మిగిల్చినందుకు, ఎదురింట్లో అలాంటి అక్కనిచ్చినందుకు చానాసేపు లేవలేకపోయాను. లేచేసరికి గది అలాగే ఉంది, రేకులు ఇంకా చల్లారలేదు. నా గడువులో సగం కూడా కాలేదు.