ఖాళీ తెరకు మొదటి పుట

నిన్నటి పరికరం నేటికే పాతబడి, మార్గం తెలిసినవాడు తెలియనివాడి కోసం క్షణమైనా ఆగని ఈ వేగయుగంలో, దంతవైద్యశాలలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక సంస్థలో, దాన్ని వాడేవారికి మార్గదర్శిక రాస్తూ, ఆగి వెనక్కి చూడడమే తన వృత్తిధర్మమని నమ్మిన ఇల్లాలు ఆమె. రాయడానికి కూర్చునే ముందు తన కంప్యూటరులోని సాఫ్ట్‌వేరును సమూలంగా తుడిచివేసి, ఏమీ ఎరుగనిదానిలా మళ్ళీ ఎక్కించుకోవడం ఆమె నియమం. అందుకే ఆఫీసులో ఆమెకు ‘తుడుపక్క’ అని పేరుపడింది.

అంతవరకూ ఉన్న పాత మార్గదర్శిక పుస్తకాన్ని ఇంజనీర్లు రాశారు. దాన్ని తిరగరాసే పని ఆమెకు అప్పగించిన వారంలోనే, ఆమె ఆడపడుచు, ఆ సాఫ్ట్‌వేరును అప్పుడే కొనుక్కున్న ఒక దంతవైద్యశాలలో కొత్తగా కొలువులో చేరి, మొదటి సాయంత్రమే ముఖం వేలాడేసుకుని వచ్చింది.

“వదినా, ‘డాక్టరును ఎంచుకోండి’ అని ఉంది మీ పుస్తకంలో. ఎవర్ని ఎంచుకోను? తెర మీద ఒక్క పేరూ లేదు. నేనే ఏదో చెడగొట్టానని అందరి ముందూ తిట్టారు.”

“అది నేను రాసింది కాదే, మా ఇంజనీర్లది.”

“ఎవరిదైతేనేం, తిట్లు మాత్రం నావి.”

మరునాడు అంతా తుడిచి మొదలుపెట్టగానే తుడుపక్కకూ అదే ఖాళీ తెర ఎదురైంది. ఇంజనీర్ల కంప్యూటర్లన్నిటిలోనూ పరీక్ష కోసం ఏనాడో చేర్చిన ఉత్తుత్తి డాక్టరు ఒకడున్నాడు. ఖాళీ తెరను వారెన్నడూ చూడలేదు. తేలిక పదాలకు అర్థం విస్తరించి, కఠినపదం వద్ద ‘స్పష్టం’ అని దాటిపోయే వ్యాఖ్యాత ధోరణి వారిది. ఆమె మొదటి పుటలోనే రాసింది: “తెర ఖాళీగా కనబడుతుంది. అది మీ తప్పు కాదు. ముందు డాక్టరు పేరు చేర్చండి.” ఎక్కడ నొక్కాలో బొమ్మ కూడా పెట్టింది.

మేనేజరు ఆ పుటను కొట్టివేశాడు. “మొదట్లోనే ఖాళీ తెరేమిటమ్మా, మన పరువు పోదూ? నాలుగు గొప్పలు రాయండి.”

“కొన్నాక గొప్పలెవరూ చదవరు సార్. చిక్కుకున్నప్పుడే పుస్తకం తెరుస్తారు.”

“ఇంత చిన్న విషయం ఎవరికి తెలియదు?”

“అయితే మీ కంప్యూటరూ తుడిచేద్దాం. పాత పుస్తకం చూసి మీరే మొదలుపెట్టండి.”

అతడు కీబోర్డుకు చేయి అడ్డం పెట్టాడు. “నా జోలికి రాకండి తల్లీ.”

“ఒక్కపూట కొత్తవారు కావడానికే ఇంత బెదురా? మా ఆడపడుచు అందరి ఎదుటా కొత్తదైంది. ఆ పుట పోతే నేనూ పోతాను.”

ఆమె గొంతు పెరగలేదు, చూపు దిగలేదు. పుట నిలిచింది. ఆమె బల్ల మాత్రం నడవలోకి, జిరాక్స్ యంత్రం పక్కకు చేరింది.

“నడవలోకి గెంటారటగా వదినా?” అని ఆడపడుచు ఫోను చేసింది.

“గెంటితే మంచిదే. వచ్చేపోయేవాళ్ళలో ఎవరెక్కడ తికమకపడుతున్నారో ఇక్కడినుంచే బాగా కనిపిస్తుంది.”

అని, ఆమె మళ్ళీ కంప్యూటరు తుడవసాగింది.

తెలియనివారి పక్షాన నిలిచిన ఆ ఇల్లాలి పలుకుకు వాగ్దేవి కరుణ తరగకుండుగాక. వదినామరదళ్ళ నవ్వులతో ఆ ఇల్లు నిండునూరేళ్ళు కళకళలాడుగాక.