గ్యాపు బావ

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావమరిది పెందుర్తిలోని మా ఇంటి ముందు కారాపి, హారన్ కొట్టకుండా దిగాడు. హారన్ కొట్టలేదంటే అవసరం పడి వచ్చాడన్నమాట. "బావా, సదునులో బాగానే పోతంది గానీ ఎత్తెక్కితే దగ్గుతంది. రేపు మా వియ్యాలోళ్లని సింహాచలం కొండకి తీసుకెళ్లాలి. నీ దగ్గిర ఆ రేకులున్నాయేటి?" అన్నాడు. ఆ మాట వినగానే నా ప్రాణానికి హాయిగా ఉంది. ఇన్నేళ్లూ ఈ పూట కోసమే కాచుకుని కూర్చున్నాను.

రేకులంటే ఫీలర్ గేజి. స్పార్క్ ప్లగ్గు కొసన ఉండే సందును కొలిచే పలచటి ఉక్కు రేకుల కట్ట. సందు మరీ తగ్గితే నిప్పురవ్వ నీరసంగా పుడుతుంది. మరీ పెరిగితే, బరువుతో కొండెక్కేటప్పుడు రవ్వ దూకలేక ఇంజను తడబడుతుంది. గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి పిల్లనే చేసుకున్న నేను, నా పాత కారుకు కంపెనీ పుస్తకంలో చెప్పిన సందే పెట్టుకునేవాణ్ణి. పోర్టులో క్రేను నడిపే మా బావమరిదికి అదొక వేళాకోళం. "గోదారోళ్లకి గోళ్లుండవేటి బావా? గోరు దూరితే సాలు, గ్యాపు సరిపోయినట్టే" అనేవాడు. ఒకసారి మా పెళ్లిరోజున అత్తారింటి నుంచి అందరం సింహాచలం బయల్దేరబోతుంటే, నేను స్నానానికి వెళ్లడం చూసి, నాలుగు ప్లగ్గులూ ఊడదీసి తన బొటనవేలి గోటి కొలతతో సందు పెంచి బిగించేశాడు.

ఘాట్ రోడ్డు సగంలో కారు వెక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. సంపెంగల వాసనలోకి క్లచ్ మాడిన కంపు కలిసింది. మా అత్తగారు పులిహోర గిన్నె చంకనెట్టుకుని నడక మొదలుపెట్టారు. "పుస్తకం సూసి సేత్తే ఇంతే మరి!" అన్నాడు వాడు, మసి అంటిన చేతులు వెనక్కి దాచుకుని. అందరూ నవ్వారు. నేను కాదు, వీడే అని అరిచినా ఎవరూ వినలేదు. ఆనాటి నుంచి మా అత్తవారి తరఫు శుభకార్యాలన్నిటిలో నా పేరు గ్యాపు బావ. విస్తరి వేసేవాళ్లు కూడా "గ్యాపు బావకి కాస్త గ్యాపొదిలి ఎయ్యండ్రా" అనేవారు.

బానెట్ ఎత్తి ప్లగ్గు తీసి చూశాను. సందు నిక్షేపంగా పెరిగి ఉంది. అదే గోరు. "సరిచేస్తాను. ముందు లోపలికెళ్లి, ఆ రోజు నా ప్లగ్గులు ఎవరు ముట్టుకున్నారో మీ అక్కతో చెప్పు" అన్నాను.

"ఇంకా గుర్తెట్టుకున్నావేటి బావా!"

"చెప్తావా, బానెట్ మూసెయ్యమంటావా?"

వియ్యాలవారు కళ్ల ముందు మెదిలారేమో, తల గోక్కుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. "అక్కా, ఆయేల కొండ మీద కారాగిపోడానికి కారణం నానే. బావ కాదు."

మా ఆవిడ అట్టు తిరగేస్తూ వెనక్కి కూడా చూడలేదు. "తెల్సురా. అమ్మ పెరట్లోంచి సూసింది కదా. అప్పుడు నీకు సంబంధాలు సూస్తన్నాం, పిల్లోడి పేరు పాడవుద్దని అందరం మాటాడకుండా ఊరుకున్నాం. మీ బావైతే పడతార్లే అనుకున్నాం."

ప్లగ్గులు కొలత ప్రకారం సరిచేసి పంపించాను. ఆ అట్లు మాత్రం ముట్టలేదు. ఇన్నేళ్లూ ఒక్కడి మీదే పెట్టుకున్న పగ ఇప్పుడు ఇంటిల్లిపాది మీదా మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకు సరిపడా కాలం నాకు మిగిలుందో లేదో.