ఖాళీ జాబితా ప్యో గారు

ప్యో మాన్‌హో గారు ఎవరికీ దేనికీ అనుమతి ఇవ్వరు. ఆయనకున్న గుణం అదొక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు.

తేజాన్‌ నగరంలోని ఒక నదీ పరిశోధన కేంద్రంలో లినక్స్ సర్వరుకు ఆయనే కాపలా. మామూలుగా ఆ సర్వరులో ఎవరైనా సరే, ఫలానా వేళకు ఫలానా పని దానంతటదే నడవాలని రాసిపెట్టుకోవచ్చు. అనుమతి జాబితా అంటూ ఒకటి పెడితే మాత్రం అందులో పేరున్నవాళ్ళకే ఆ హక్కు. ప్యో గారు జాబితా పెట్టారు. అందులో ఒక్క పేరూ రాయలేదు!

ఎవరైనా టీ కెటిల్ మీట నొక్కబోయినా ఆయనది ఒకటే ప్రశ్న.

"నువ్వు లేనప్పుడు చెడితే ఎవరు చూస్తారు?"

"ఇక్కడే ఉన్నాను కదండీ!"

"ఇప్పుడున్నావు."

యూన్‌సొల్ అక్కడి ఉద్యోగిని. ఆమె నీటిమట్టాల లెక్క సాయంత్రం ఆరింటికి నడవాలి. ఆమె పాప ఉండే శిశుకేంద్రం ఆరున్నరకు మూసేస్తారు. అక్కడికి బస్సులో నలభై నిమిషాలు. చలికాలంలో ఆమె బతిమాలింది.

"జాబితాలో నా పేరొక్కటి రాయండి, ప్యో గారూ."

"రాయను. నువ్వెళ్ళు. నేను నొక్కుతాలే."

అప్పట్నుంచీ ఆమె ఐదున్నరకే బయల్దేరేది. పెద్దాయన తన కోసం రోజూ ఆరుదాకా కూర్చుంటున్నాడని లోలోపల సిగ్గు.

ఒక గురువారం ఆయన మేనకోడలి పెళ్ళికి ఎక్కడో దూరాన ఉన్న మోక్పో వెళ్ళారు.

"మరి ఇవాళ ఎవరు నొక్కుతారండీ?" యూన్‌సొల్ ఫోన్లో అడిగింది.

"నేనే."

"మోక్పో నుంచా!"

"నా వేలు పొడుగులే. పాప దగ్గరికెళ్ళు."

ఆ లెక్క తప్పితే దిగువ ఊళ్ళకు వరద హెచ్చరిక వెళ్ళదు. ఆయన బల్లమీద సీలు వేసిన కవరుంది. పైన రాసి ఉంది: 'భవనం తగలబడితేనే.' ఆమె చింపేసింది. లోపలి సంకేతపదంతో సర్వరులోకి వెళ్ళింది, తన పేరు తనే రాసుకుందామని.

కాపలాదారుకు ఆ జాబితాతో పనిలేదు. వాటంతటవే నడిచే పనుల పట్టిక ఆయనకు సొంతంగా ఉంది, అందులో పదిహేడు పనులు, పదిహేడుగురు ఉద్యోగులవి! ఒక్కోదానికీ ఒక్కో వ్యాఖ్య.

'బోంగ్. తండ్రికి డయాలసిస్, మంగళవారం.'

'యూన్‌సొల్. ఆరింటికి. ఆరున్నరకు పాప. చెడితే కబురు: నాకు.'

ఎనిమిది నెలలుగా ఆయన ఏ మీటా నొక్కలేదు. యంత్రమే నడుపుతోంది. ఏదైనా చెడితే పడే చీవాట్లకు మాత్రం తన పేరిచ్చుకున్నారు.

ఆమె ఏమీ రాయకుండా బస్సుకు పరిగెత్తింది.

సోమవారం ప్యో గారు చిరిగిన కవరు ఎత్తి చూపించారు.

"భవనం తగలబడిందా?"

"లేదండీ."

"మరి నీ పేరు రాసుకోలేదేం?"

"అనుమతి లేదు కదండీ."

ప్యో గారు కెటిల్ ఆమె వైపు జరిపారు.

"నొక్కు. నేనిక్కడే ఉన్నాను."