కుడివైపు పెట్టుకున్న పతకాలు

మా పక్కింటి ముసలావిడ తండ్రి పతకాల గురించి హాబ్సన్‌విల్‌లో మన తెలుగువాళ్ళ మధ్య ఒక అబద్ధం తిరుగుతోంది. దాన్ని పుట్టించింది నేనే.

ఆవిడకూ నాకూ మొదటినుంచీ పడదు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజు ఎవరి కారో ఆవిడ గేటుకు అడ్డంగా ఆగితే, మాకు ఒక్క మాట చెప్పకుండా కార్లు ఎత్తుకుపోయే కౌన్సిల్‌వాళ్ళకు ఫోన్ చేసింది. ప్రసాదం చేతిలో పట్టుకుని జనం కార్లు తీయడానికి పరిగెత్తారు. ఆ కోపం నాకు చల్లారలేదు.

ఆంజాక్ డే నాడు, యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకోవడానికి అందరూ తెల్లవారుజామునే స్మారకం దగ్గర చేరతారు. పోయినేడు మేం నలుగురైదుగురు స్నేహితులం కూడా వెళ్ళాం. ఆవిడ కోటు మీద వరసగా పతకాలు. అవీ కుడివైపున. నేను కాలేజీలో ఎన్‌సీసీ చేశాను. పతకం ఎడమవైపే ఉండాలని మా హవల్దారు అరిచి అరిచి నేర్పాడు. దొరికింది, అనుకున్నాను.

"ఏ వైపు పెట్టుకోవాలో కూడా తెలీదు. ఏ సంతలోనో కొనుంటుంది," అన్నాను తెలుగులో.

"మామ్మగారు ఏ ఓడ నడిపారో అడగన్నా," అన్నాడొకడు.

అందరూ నవ్వారు. నేను అంతటితో ఆగలేదు. ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, "అవి ఎడమవైపు పెట్టుకోవాలి. సంపాదించినవాళ్ళకైతే తెలుస్తుంది," అన్నాను.

ఆవిడ పిన్ను తీసి, పతకాలు జేబులో వేసుకుని, తెచ్చిన పూలు పెట్టకుండానే వెళ్ళిపోయింది.

పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "సొంతవైతే ఎడమవైపు. ఇంట్లో పెద్దవాళ్ళవైతే కుడివైపు. ఇవి నావి కావని చెప్పడానికే అలా పెట్టుకుంటారు. ఎన్నాళ్ళయింది నువ్వీ దేశం వచ్చి?"

నవ్వినవాళ్ళు అప్పటికే కాఫీకి నడిచారు. వాళ్ళకు నేనీ సంగతి చెప్పలేదు. తర్వాత ఎవరింట భోజనాలకు కలిసినా, సంతలో కొన్న పతకాల కథ చెప్పుకుని నవ్వుతుంటే ఊరుకున్నాను.

ఈ ఏడు ఆవిడ స్మారకం దగ్గరికి రాలేదు. ఆ సాయంత్రం వెళ్ళి తలుపు కొట్టాను. గొలుసు తీయకుండా సందులోంచే చూసింది.

"ఏం కావాలి?"

"క్షమాపణ అడుగుదామని."

"మా నాన్న ఎవరో తెలుసా మీకు?"

గొలుసు తీయకుండానే చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన మీసాలు కూడా సరిగా రాని నేవీ ఆఫీసరు. చలి సముద్రంలో ఓడలను పేల్చడానికి శత్రువు పరిచిన మైన్లు ఏరేసే ఓడ మీద పనిచేశాడు. యుద్ధం అయ్యాక, నీతో పనిలేదని పంపేశారు. ఏళ్ళ తరబడి ఆవులు పితికి బతికాడు. రెండో యుద్ధం రాగానే, జుట్టు నెరిసిన మనిషిని మళ్ళీ పిలిచి అలాంటి ఓడకే కెప్టెన్‌ని చేశారు. ఆయన ఇంటికి తిరిగొచ్చిన రోజు, అప్పటికి చిన్నపిల్ల అయిన ఈవిడ, ఎవరో పరాయి మనిషనుకుని మంచం కింద దాక్కుందట. ఆ పతకాలు ఆయన ఒక్కసారీ పెట్టుకోలేదు, బిస్కెట్ డబ్బాలో పడేశాడు. ఆయన పోయాక ఈవిడే బయటికి తీసింది.

"ఇప్పుడు మళ్ళీ ఆ డబ్బాలోనే ఉన్నాయి," అంది. "మీ క్షమాపణ నాకెందుకు? మీతో కలిసి నవ్వినవాళ్ళకు చెప్పండి. తర్వాత ఆలోచిస్తాను."

తలుపు మూసేసింది.

అందుకే మన సంఘం సంచికలో ఇది రాస్తున్నాను. ఆ పతకాలు నిజమైనవి. ఆవిడ పెట్టుకున్న వైపే సరైనది. ఆ రోజు నవ్వినవాళ్ళు ఇది చదివితే, చదివామని ఆవిడకు చెప్పండి. నేను చెబితే వినదు. మొన్న మా ఇంటికొచ్చినవాళ్ళ కారు గేటు దగ్గరగా ఆగగానే, ఆవిడ కిటికీలో నిలబడి ఫోన్ చేతిలోకి తీసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి ఆ కారు తీయించాను.