మరియమాత ఎక్కిన చేపల ఆటో

మా డాలీగంజ్ వీధిని రెండు నిమిషాల్లో ఖాళీ చేయించగల మనిషి ఒక్కతే ఉంది. పేరు బేబీరాణి, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఆమె మలుపు తిరిగిందంటే చాలు, ఆడుకునే పిల్లలందరూ మాయం. ఒకసారి మా పెరట్లోని ఖాళీ డ్రమ్ములోంచి ఒకణ్ణి చెవి పట్టుకుని బయటికి తీశాను.

నేను భారతీదేవిని, ఆమె పక్కింటిదాన్ని. సగం హిందీ కలిపి మాట్లాడే ఇక్కడి పిల్లలకి ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఎదుటివాళ్ల తప్పులు దిద్దడం నాకు అలవాటు. నా తప్పులు దిద్దేవాళ్లు ఇంతవరకు దొరకలేదు. ఈ కథలో పెద్ద తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

బేబీరాణి తండ్రి టీచరు ఉద్యోగానికి విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దీవుల్లోని మాయాబందర్ వచ్చాడు. ఆయన ట్రంకుపెట్టెలో రెండు జతల బట్టలు, మూరెడు ఎత్తు మరియమాత స్వరూపం ఉన్నాయట. ఓడ ఊపుకి మాత ముక్కు విరిగింది. చాలా ఏళ్ల తర్వాత బేబీరాణిని చేసుకున్న మనోహర్, మామగారి మెప్పు కోసం సిమెంటుతో కొత్త ముక్కు పెట్టాడు. వంతెనలు కట్టించే ఉద్యోగం కదా, ముక్కు కాస్త దిట్టంగానే వచ్చింది. తండ్రి పోయాక ఆ స్వరూపం బేబీరాణి ఇంటికి చేరింది. ఏటా సెప్టెంబరు ఎనిమిదిన మాత పుట్టినరోజు ఇంట్లో చేస్తుంది. తొమ్మిది రోజులు మోకాళ్ల మీద జపమాల, ఆఖరి రోజు కేకు.

ఆ ఏడు వినాయక చవితి సరిగ్గా ముందురోజు పడింది. బేబీరాణి కూతురు లిఖితకి తొమ్మిదేళ్లు. దాని ప్రాణస్నేహితురాలు చిట్టితల్లి, చేపలు పట్టి అమ్మే లోకనాథం కూతురు. చవితి పూజకని వాళ్లింటికి వెళ్లిన లిఖిత సాయంత్రం తిరిగొచ్చి తల్లితో అంది: "మనదీ ఒక పండగేనా అమ్మా? మోకాళ్లు నొప్పి తప్ప ఏటుంది? అగ్‌లే సాల్ మల్లీ పండగొస్తే నేను చిట్టితల్లి వాళ్లింట్లోనే ఉంటా."

బేబీరాణి నా దగ్గరకొచ్చి కళ్లు తుడుచుకుంది. "మా నాన్న ఇంత దూరం మోసుకొచ్చాడు టీచరుగారూ. నాతోనే ఆగిపోతుందా?" అంది. వందమంది పిల్లలు ఏడ్చినా చెయ్యి వణకని మనిషి అలా అడిగితే నాకు గుండె బరువెక్కింది. బరువెక్కినప్పుడు నేను సలహాలిస్తాను. "రేపటి పండగ పిల్లల చేతుల్లో పెట్టు. వాళ్లిష్టం వచ్చినట్టు చెయ్యనీ" అన్నాను.

మర్నాడు మూడింటికి వీధి పిల్లలు బేబీరాణి గుమ్మం దాకా వచ్చి ఆగారు. చిట్టితల్లి ముందుకొచ్చింది.

"ఆంటీ, సూయీ ఉందేటి?"

"సూది లేదర్రా, కేకుంది."

టీకాల పెట్టెకి వేసిన తాళం చూపించాకే లోపలికొచ్చారు. వచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. మాత చుట్టూ రంగు లైట్లు, బెలూన్లు, కేకు పక్కన చవితి ఉండ్రాళ్లు. బేబీరాణి జపమాల అందుకుంటే, ప్రతి ప్రార్థన చివరా "ఆమెన్" అనకముందే చిట్టితల్లి "జై!" అని అరిచేది. పది ప్రార్థనలకి పది 'జై'లు. పదకొండోది మనోహర్ పొరపాటున తనే అనేశాడు.

తర్వాత కొవ్వొత్తుల తగువు. మాతకి రెండువేల ఏళ్లు పైనే అని లిఖిత చెప్పింది. రెండువేల కొవ్వొత్తులు పెడితే ఫైరింజన్ రావాలని ఇంకొకడన్నాడు. చివరికి ఒక్కటే పెట్టారు. "పుట్టినరోజు ఎవరిదో ఆల్లకే ముందు పెట్టాల" అంటూ చిట్టితల్లి పెద్ద కేకు ముక్క తీసి మాత మూతికి పులిమింది. ముక్కు కిందంతా క్రీమే. బేబీరాణి కళ్లు మూసుకుంది. లిఖిత పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు విని తల్లి కళ్లు తెరిచి, పాయసం చూడటానికి లోపలికెళ్లింది.

అప్పుడు పిల్లలు నా దగ్గరకొచ్చి పీట అడిగారు, ఊరేగింపుకట. ఇచ్చాను. ఊరుకున్నానా? "వీధి చివరిదాకా వెళ్లాలి, మధ్యలో దించకూడదు" అని పాఠం కూడా చెప్పాను.

వీధి చివర లోకనాథం చేపల ఆటో నిలబడి ఉంది. వెనక మట్టి వినాయకుడు నిమజ్జనానికి సిద్ధంగా కూర్చున్నాడు. పీట మీద మాతని చూసి లోకనాథం చెప్పులు విడిచాడు.

"అమ్మ గూడా వస్తాదేటి?"

"హా బాబా, పూజ అయిపోనాది!" అంది చిట్టితల్లి.

ఇద్దరు దేవుళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి, పిల్లల్ని కుక్కి, ఆటో కదిలింది. పాపం పిల్లలు సరదాగా తిరిగొస్తారనుకుని నేను చెయ్యి కూడా ఊపాను.

బేబీరాణి నైటీలో, పాయసం గరిటెతో బయటికొచ్చింది. "మాత ఏది?"

"లోకనాథం ఆటోలో. వినాయకుడితో పాటు సముద్రం దగ్గరికి..." అంటూ నేనే ఆగిపోయాను.

వినాయకుడితో పాటు మాతనీ నీళ్లలో కలిపేస్తారని అప్పుడు తట్టింది. ఆ తర్వాత నా అరవై నాలుగేళ్ల కాళ్లు ఎలా పరుగెత్తాయో నాకు తెలియదు. దొరికిన ఆటో ఎక్కి, "జల్దీ భయ్యా!" అని డ్రైవరు వీపు మీద గరిటెతో తట్టింది బేబీరాణి. అతని చొక్కాకి పాయసం అంటింది. దారంతా "మా నాన్న, మా నాన్న" అంటూనే ఉంది.

మేం వెళ్లేసరికి వినాయకుడు నీళ్లలో కలిసిపోయాడు. మోకాలి లోతులో లిఖిత మాతని రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడింది. లోకనాథం ఏం చెయ్యాలో తెలియక చేతులు చాపి నిలుచున్నాడు. చిట్టితల్లి వాదిస్తోంది.

"ఎల్లకపోతే మల్లీ వచ్చే సాల్ ఎలగొస్తాదే?"

"రావడమేటి? ఎల్లదు. ఇంట్లోనే ఉంటాది. మా తాత ఉన్నప్పట్నించీ ఉంది" అని అరిచింది లిఖిత. "అమ్మ కోపమొచ్చి డాంటితే నేను ఈమె దగ్గరే కూర్చుని ఏడుస్తా. ముంచీస్తే నేనెక్కడ ఏడవాల?"

నా పక్కన బేబీరాణి పాయసం గరిటెని గుండెకి హత్తుకుంది. లోకనాథం చేతులు వెనక్కి తీసుకుని, "మాఫ్ కర్‌నా దీదీ, నాకు తెలీదు" అన్నాడు. తెలియజెప్పాల్సినదాన్ని నేను, ఆటో కదిలినప్పుడు అక్కడే ఉన్నాను. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

చిట్టితల్లి వినాయకుడు వెళ్లిన వైపు చూసింది. తర్వాత క్రీమంటిన మాత మొహం వైపు చూసింది.

"మా గణేష్ ఎల్లిపోనాడు గదా. నాకు ఏడుపొస్తే మీ ఇంటికి రానా?"

లిఖిత మాతని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

"రా. గానీ ముందు నా నంబరు, తర్వాతే నీది."

తన నంబరు రాకుండానే బేబీరాణి ఏడవడం మొదలుపెట్టింది.